పుస్తకాల సంచి యెవరి యింట్లో వుండాలి?

భార్యాభర్తలు విడిపోయేటప్పుడు మన పల్లెల్లో పెద్దమనుషులు కూర్చొని పంచే వస్తువుల జాబితా యెప్పుడైనా విన్నారా? మంచం, బీరువా, స్టీలు సామాను, పెళ్ళినాడు పెట్టిన బంగారం, పాడిగేదె, దాని దూడ. యివన్నీ తేలాక చివర్న యెవరో తువ్వాలు దులుపుకుని లేస్తూ, "సరే, పిలకాయల సంగతేంది?" అంటారు. జాబితాలో పిల్లలది యెప్పుడూ ఆఖరి వరుసే. బీరువా యెవరిదో తేల్చడానికి రెండు గంటలు పట్టిన పంచాయతీలో, తొమ్మిదేళ్ళ పిల్లవాడు యెవరి దగ్గర పెరగాలో తేల్చడానికి పది నిమిషాలు పట్టలేదు. అది నేను కళ్ళారా చూశాను. ఆనాటి నుంచి నా మనసులో తిరుగుతున్న ఆలోచనే యీ వ్యాసం.

కావలికి తూర్పుగా పోయి, బకింగ్‌హాం కాలువ వంతెన దాటితే, సముద్రం వొడ్డున వుండే పల్లెల్లో అదొకటి. వేసవి సెలవుల్లో మేము నలుగురు విద్యార్థులం అక్కడి శాఖా గ్రంథాలయంలో పిల్లల చేత చదివించే పనికి వెళ్ళేవాళ్ళం. గ్రంథాలయమంటే పెద్ద భవనం వూహించుకోకండి. వొక గది, మూడు బీరువాలు, రెండు బెంచీలు, ముందు చిన్న అరుగు. యేటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తూర్పుతీరంలో మరబోట్లకు వేట నిషేధం గదా! ఆ రెండు నెలలూ మొగవాళ్ళంతా వూళ్ళోనే వుంటారు. అరుగు మీద దినపత్రిక కోసం వంతులు. లోపల పిలకాయల గోల.

ఆ గోలలో కలవని పిల్లవాడొకడు వుండేవాడు. ఆదివారం మాత్రమే వచ్చేవాడు. వాళ్ళమ్మ విడిగా వుంటూ, అల్లూరు దగ్గర పుట్టింటికి చేరింది. తండ్రి బోటు మీద పనిచేసే మనిషి. వొకరి గుమ్మం వొకరు తొక్కరు. అందుకని ఆదివారం పిల్లవాణ్ణి తండ్రికి చూపించే చోటు యీ గ్రంథాలయం అరుగని మధ్యవర్తులు తేల్చారు. మేనమామ పొద్దున బస్సులో తెచ్చి వదిలేవాడు. సాయంత్రం తీసుకుపోయేవాడు.

తండ్రి కాసేపు కూర్చునేవాడు. మాట్లాడడానికి యేమీ తోచేది కాదు. బిస్కెట్ పొట్లం చేతిలో పెట్టి, తల నిమిరి, అవతలికి పోయి బీడీ కాల్చుకునేవాడు. పిల్లవాడు లోపలికొచ్చి పాత చందమామల బైండు తీసి, కిందటి ఆదివారం ఆపిన చోట మొదలుపెట్టేవాడు. గుర్తుకు బస్సు టికెట్ పెట్టుకునేవాడు. వొకనాడు వెళ్ళబోతూ అడిగాడు: "అన్నా! యీ పుస్తకం యీడే వుంటది గదా? మళ్ళీ వారం నేనొచ్చేసరికి యాడికీ పోదు గదా?"

లైబ్రరీ సారు కళ్ళద్దాలు పైకి జరుపుకుని, "యాడికీ పోదు అబ్బయ్యా. నీ టికెట్ కూడా తియ్యను, పో" అన్నారు.

పుస్తక పఠనం వల్ల ప్రయోజనాలేమిటని పరీక్షల్లో పది మార్కుల ప్రశ్న వచ్చేది. విజ్ఞానం, వినోదం, వికాసం అని మనం కంఠతా పట్టి రాసేవాళ్ళం. ఆ జవాబులు తప్పు కావు. కానీ ఆ పిల్లవాడి ప్రశ్నలో వున్న ప్రయోజనం వాటిలో లేదు. అమ్మ వొకచోట, నాయన వొకచోట, మంచం మారుతుంది, కంచం మారుతుంది, వండేవాళ్ళు మారతారు. మారకుండా, తనకోసం ఆగి, ఆపిన పేజీ దగ్గరే కనిపెట్టుకుని వుండేది వొక్క పుస్తకం. ఆ నిలకడ విలువ, అన్నీ నిలకడగా వున్న మనకు తెలియదు.

జూన్‌లో బళ్ళు తెరిచారు. పిల్లవాడు మాత్రం బడికి పోవడం లేదు. యెందుకని అడిగితే తెలిసింది: సెలవుల ముందు వాడి పుస్తకాల సంచి తండ్రి యింట్లో వుండిపోయింది. "పిల్లోడు వస్తే సంచి వస్తది" అని వాళ్ళు, "సంచి యిస్తేనే ఆదివారం పంపేది" అని వీళ్ళు. నామమాత్రం ఖరీదు చేసే సంచి, నాలుగు నోటుబుక్కులు, వొక జామెట్రీ పెట్టె బందీలయ్యాయి. పంచాయతీ పెట్టారు. బీరువా సంగతి తేలాక వొక పెద్దాయన పిల్లవాణ్ణి మధ్యన నిలబెట్టి, "యేరా, అమ్మ దగ్గరుంటావా, నాయన దగ్గరుంటావా? నిజం చెప్పు" అన్నాడు. వాడు అటు చూశాడు, యిటు చూశాడు. "నా సంచి యెవరింట్లో వుంటే ఆడ వుంటా" అన్నాడు.

అందరూ నవ్వారు. పిల్లవాడు లౌక్యం నేర్చాడన్నారు. నాకు నవ్వు రాలేదు. వాడు ఆ రోజు అక్కడున్న పెద్దలందరికన్నా స్పష్టంగా మాట్లాడాడు. మీలో యెవరు గెలుస్తారన్నది నా సమస్య కాదు, నా చదువు ఆగింది, అది నా సమస్య అని వాడు చెప్పాడు. వినే చెవి అక్కడ లేదు.

చట్టం యేమంటుంది? 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, మైనరు క్షేమాన్ని చూసి సంరక్షకుణ్ణి నియమించమంటుంది. తన యిష్టం తెలివిగా చెప్పగల వయసు పిల్లవాడికి వుంటే, ఆ యిష్టాన్ని కోర్టు పరిగణించవచ్చు అని కూడా 17వ సెక్షన్‌లో వుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం అయిదేళ్ళు నిండని బిడ్డ మామూలుగా తల్లి దగ్గర వుండాలంటుంది. 13వ సెక్షన్‌లో బిడ్డ క్షేమమే అన్నిటికన్నా ముఖ్యమంటుంది. పిల్లలు తల్లిదండ్రుల సొత్తూ కాదు, ఆటబొమ్మలూ కాదని సుప్రీంకోర్టు 1973లోనే చెప్పింది. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో, తండ్రి బతికి వున్నా కొన్ని పరిస్థితుల్లో తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చునని 1999లో తీర్పు వచ్చింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల వొడంబడికలో మన దేశం 1992లో చేరింది. తల్లిదండ్రులు విడిపోయినా యిద్దరినీ క్రమంగా కలుసుకునే హక్కు బిడ్డదని దాని 9వ అధికరణం, తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు బిడ్డకు వుందని 12వ అధికరణం చెబుతున్నాయి.

కాగితం మీద కొరతేమీ లేదు. కానీ చట్టంలో ఆ మాట మళ్ళీ చదవండి: "పరిగణించవచ్చు". పరిగణించి తీరాలి అనలేదు. ఆ "వచ్చు" దగ్గరే పిల్లల మాట జారిపోతున్నది.

దీనికి మన తెలుగువాళ్ళలోనే పాత వుదాహరణ వొకటుంది. మదనపల్లెకు చెందిన జిడ్డు నారాయణయ్యగారు తహశీల్దారుగా రిటైరయి, 1909లో పిల్లలతో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజానికి వచ్చారు. తల్లి అప్పటికే చనిపోయింది. 1910లో కృష్ణమూర్తి, నిత్యానంద అనే తన యిద్దరు కొడుకుల సంరక్షణను ఆయన అనీబిసెంటుకు రాసిచ్చారు. ఆమె వాళ్ళను చదువు కోసం యింగ్లండు తీసుకుపోయింది. తర్వాత తండ్రి మనసు మారింది. బిడ్డలు సముద్రాలు దాటారు, వాళ్ళు మసలే మనుషుల మీద ఆయనకు అనుమానాలు వున్నాయి. ఆయన గోడు తీసిపారేయదగ్గది కాదు. 1912లో దావా వేశారు. ఆయన పక్షాన సి.పి. రామస్వామి అయ్యరు, తన పక్షాన తానే అనీబిసెంటు వాదించారు. 1913లో మద్రాసు హైకోర్టు పిల్లల్ని తండ్రికి అప్పగించమంది. అప్పీలులోనూ అదే తీర్పు. అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1914 మే నెలలో ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును కొట్టేసింది. మద్రాసు కోర్టుల అధికార పరిధి గురించిన కారణం వొకటి. రెండోది మనకు ముఖ్యం. యింగ్లండులో వున్న ఆ కుర్రవాళ్ళ తరఫున యెవరూ లేకుండా, వాళ్ళ క్షేమమేదో, యిష్టమేదో సరిగా విచారించకుండా ఆ వుత్తర్వు యెలా చేశారని కౌన్సిల్ ప్రశ్నించింది.

యిక్కడ కృష్ణమూర్తిని ప్రపంచ ప్రఖ్యాతుడిగా కాసేపు మరిచిపోండి. బళ్ళో మందకొడి అనిపించుకుని దెబ్బలు తిన్న తల్లిలేని పిల్లవాడుగా చూడండి. రెండేళ్ళ పాటు రెండు కోర్టులు, మేధావులైన లాయర్లు, పత్రికలు వాడి గురించి మాట్లాడారు. వాణ్ణి మాత్రం యెవరూ అడగలేదు. ఆ మాట గుర్తుచేయడానికి కేసు లండన్ దాకా పోవలసి వచ్చింది!

విచిత్రమేమంటే, అదే 1914లో, ఆ తీర్పుకు నెలన్నర ముందు, ఏప్రిల్ 10న బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకట రమణయ్యగారు పూనుకున్నారు, చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు అధ్యక్షత వహించారు. ఆ రెంటికీ యే సంబంధమూ లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే వొకటి తోస్తుంది. పిల్లల మాట వినాలని వొక చోట అన్నారు. మాట్లాడే నోరు తయారుచేసే పని యింకో చోట మొదలైంది. తన యిష్టం తెలివిగా చెప్పగలిగితే అంటున్నది చట్టం. ఆ తెలివి, ఆ మాట బిడ్డకు యెక్కడి నుంచి వస్తుంది? యింట్లో వినబడే మాటలు తిట్లు. వకీలు నేర్పే మాటలు చిలకపలుకులు. తన కష్టానికి తన మాట దొరకాలంటే వాడు తనలాంటి వాళ్ళ కష్టాలు చదివి వుండాలి. "నాకొక్కడికే కాదు, యింకొకరికీ యిలా జరిగింది" అని పుస్తకం చెప్పినప్పుడు బిడ్డకు మొదటిసారి తన బాధకు పేరు తెలుస్తుంది. పేరు తెలిసిన బాధను అడగవచ్చు, చెప్పవచ్చు.

యిది పుస్తకాల పురుగు వూహ అనుకునేవాళ్ళు మన జిల్లాలోనే దూబగుంట కథ గుర్తుచేసుకోవాలి. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం సాగింది. కలిగిరి మండలం దూబగుంటలో కూలి చేసుకునే ఆడవాళ్ళు రాత్రిపూట పలకలు పట్టారు. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వచ్చింది, సారా వల్ల సంసారం కూలిన ఆడమనిషి కథ. చదివి, యిది మన కథే గదా అనుకున్నారు. మొగుడి కూలి సారాయి అంగడికి, పిలకాయల కడుపు ఖాళీకి. ఆ సంగతి వాళ్ళకు ముందు తెలియదా? తెలుసు. కానీ అచ్చులో చూసేదాకా అది తలరాత. అచ్చులో చూశాక అన్యాయం. రోశమ్మ ముందుండగా ఆడవాళ్ళు కదిలారు, తమ వూళ్ళో సారా అంగడి తెరవనివ్వలేదు. వాళ్ళ కథే మళ్ళీ పాఠమై వూరూరా పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు. తర్వాత మద్యం విధానాలు యెన్ని మార్లు మారాయన్నది వేరే సంగతి. వొక పాఠం చదివిన చేతులు అంగడికి తాళం వేయించగలవని నిరూపణ అయింది. తల్లులకు నోరిచ్చిన అచ్చుముక్క బిడ్డలకు యివ్వదా?

యీ రోజుల్లో సెల్‌ఫోన్ వుండగా పుస్తకమెందుకని మిత్రులు కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోన్లో చదువూ వుంది, కథలూ వున్నాయి. నేను ఫోనుకు శత్రువును కాను. కానీ విడిపోయిన యిళ్ళలో ఫోను యే పని చేస్తున్నదో గమనించండి. వారానికొకసారి కనిపించే తండ్రి కొత్త ఫోను కొనిస్తాడు. తల్లి అంతకన్నా మంచిది కొనాలని అప్పు చేస్తుంది. అది యిచ్చాక బిడ్డ నోరు మూతపడుతుంది, పెద్దలకు తెరిపి దొరుకుతుంది. బొమ్మల పుస్తకం అలా లంచంగా పనికిరాదు. దానితో బాటు పెద్దవాళ్ళూ కూర్చోవాలి, చదివి వినిపించాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి. బిస్కెట్ పొట్లం యిచ్చి బీడీ కాల్చుకుంటున్న ఆ తండ్రి చేతిలో, వొక ఆదివారం మావాడొకడు చందమామ పెట్టాడు. ఆయనకు చదువు అంతంతమాత్రం. కూడబలుక్కుంటూ రెండు పేరాలు చదివాడు. తప్పు చదివినచోట కొడుకు దిద్దాడు. వాళ్ళిద్దరూ కలిసి నవ్వడం నేను చూసింది ఆ వొక్కసారే.

తగవులు యిప్పుడు పల్లె దాటి దేశాలు దాటాయి. అమెరికాలో కాపురమున్న తెలుగు దంపతులు తగవుపడి, తల్లి బిడ్డల్ని హైదరాబాదు తీసుకొస్తే, ఆ యిద్దరు చిన్నపిల్లలు అమెరికా తిరిగిపోవాలని 2019లో సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చింది. అక్కడ విమానం టికెట్లు, యిక్కడ బస్సు టికెట్లు. తేడా అంతే. సంచి సర్దుకుని యెటు పోవాలో తెలియక నిలబడే బిడ్డ వొక్కడే.

విమర్శించి వూరుకుంటే లాభం లేదు. నాకు తోచినవి నాలుగు చెబుతాను. వొకటి, బిడ్డ మాట వినడం వేరు, బిడ్డ చేత తీర్పు చెప్పించడం వేరు. "అమ్మా? నాయనా?" అని నలుగురిలో నిలబెట్టి అడగడం వినడం కాదు, హింస. జడ్జీగారైనా పెద్దమనిషైనా విడిగా, నెమ్మదిగా, యేం తింటున్నావు, యేం చదువుతున్నావు, యెక్కడ నిద్ర పడుతున్నది అని అడిగితే కావలసిన జవాబు అందులోనే దొరుకుతుంది. రెండు, చదువు సామగ్రి తగవులో తాకట్టు కారాదు. సంచి, టి.సి., మార్కుల కాగితం బిడ్డవి. వాడు యే గుమ్మం దాటితే అవి ఆ గుమ్మం దాటాలి. యేడాది నడిమధ్య బడి మాన్పించకుండా యే యేర్పాటైనా చేయాలి. మూడు, తల్లిదండ్రుల్ని కలిసే చోటు పోలీసు స్టేషనూ, కోర్టు వరండా కాకూడదు. గ్రంథాలయంలో పిల్లల మూల అందుకు అన్నిటికన్నా మేలు. అక్కడ యెవరూ గొంతెత్తరు, చేతికి యేదో వొకటి దొరుకుతుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద యింటిపన్నులో రూపాయికి యెనిమిది పైసలు మనమంతా గ్రంథాలయ పన్ను కడుతున్నాం. మన డబ్బుతో నడిచే గదికి ఆదివారం తలుపు తెరిచి వుంచమని అడగడానికి సిగ్గెందుకు?

నాలుగోది మనకు సంబంధించింది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. గ్రంథాలయానికి రాలేనివాళ్ళ దగ్గరికి పుస్తకమే పడవెక్కి పోయింది. మన తీరం పొడుగునా బకింగ్‌హాం కాలువ వుంది, యిప్పుడు దానిలో పడవలు లేవు. మనకు బస్సులున్నాయి, సైకిళ్ళున్నాయి, ఆదివారాలున్నాయి. వారానికి వొకరు, వొక వూరు, రెండు గంటలు. పిలకాయల్ని కూర్చోబెట్టి చదివి వినిపించడానికి నిధులక్కర్లేదు, తీర్మానాలక్కర్లేదు. ఆ గుంపులో యే బిడ్డ యే తగవులోంచి వచ్చిందో మనకు తెలియనవసరం కూడా లేదు.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. పంచాయతీలో వాణ్ణి తల్లికి అప్పగించారు. సంచి మరో వారానికి గానీ చేరలేదు. వేట మొదలయింది, తండ్రి సముద్రం మీద, ఆదివారాలు తప్పిపోయాయి. దసరా సెలవుల్లో నేను వెళ్ళినప్పుడు బీరువాలో ఆ బైండు తీసి చూశాను. బస్సు టికెట్ అదే పేజీలో వుంది. లైబ్రరీ సారు మాట తప్పలేదు.

పుస్తకం ఆ బిడ్డకిచ్చిన మాట నిలబెట్టుకుంది. యిక నిలబెట్టుకోవలసింది మనం.